ర్యాంకు సరే, రైలెక్కించేదెవరు?

"మేడమ్ గారూ, మా అమ్మాయికి ఛాన్సుందంటారా?"

మే నెల వచ్చిందంటే మా గేటు దగ్గర వినపడే మాట ఇది. ఇరవై ఎనిమిదేళ్లు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నరసరావుపేటలో మా వీధివాళ్లకి నేనింకా లెక్కల మేడమ్‌నే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా తల్లులు వస్తారు. మిరపకోతలు అయిపోయి నెల దాటినా వేళ్ల సందుల్లో మంట తగ్గని చేతులతో మార్కుల కాగితం నా ముందు పెడతారు. వెయ్యికి తొమ్మిది వందల ఎనభై, తొమ్మిది వందల ఎనభై ఐదు. ఆ అంకెను వాళ్లు చూసుకునే తీరు చూస్తే నాకు ముందు కడుపు నిండుతుంది, తర్వాత భయం వేస్తుంది.

భయమెందుకంటే ఐఐటీ వాళ్లు ఆ అంకెను చూడరు. ఇంటర్‌లో డెబ్బై ఐదు శాతమో, బోర్డులో మొదటి ఇరవై పర్సంటైల్‌లో చోటో ఉంటే చాలు, ఆ పైన ఎంత వచ్చినా ఒకటే. మిగతాదంతా జేఈఈ. 2025లో మెయిన్ రాసినవాళ్లు దేశం మొత్తమ్మీద 14 లక్షలకు పైనే. వాళ్లలో రెండో మెట్టు అడ్వాన్స్‌డ్‌కి అర్హత ఇచ్చేది రెండున్నర లక్షల మందికి. దాంట్లో నెగ్గినవాళ్లు 54,378 మంది. ఉన్న ఇరవై మూడు ఐఐటీల్లో సీట్లన్నీ కలిపితే పద్దెనిమిది వేల చిల్లర. కాలేజీల వాళ్లు పేపర్లో రెండు పేజీల నిండా పిల్లల బొమ్మలు వేస్తారు చూడండి, వాటికింద ఎంతమందికి వచ్చిందో ఉంటుంది గానీ ఎంతమంది రాశారో ఉండదు. నేను లెక్కల మనిషిని కదా, హారం లేని భిన్నాన్ని నమ్మలేను.

ఇంతవరకూ ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా ఒకటే లెక్క. నేను చెప్పదలుచుకున్నది దీని తర్వాత మొదలయ్యే ఇంకో లెక్క గురించి. ఆ 54,378 మందిలో ఆడపిల్లలు 9,404 మంది. అంటే ఆరుగురిలో ఒక్కరు. మన ఇంటర్ ఫలితాల్లో ఏటా ఆడపిల్లలదే పైచేయి అని హెడ్డింగులు పెడతాం కదా, మరి మిగతావాళ్లు ఎక్కడ జారిపోయారు? తెలివితక్కువై జారిపోయారంటే నేనొప్పుకోను. ఇరవై ఎనిమిదేళ్లు ఆ పేపర్లు దిద్దిన చేతులివి.

2025 జూన్‌లో జరిగిన సంగతి చెబుతాను. ఆ పిల్ల పేరు, ఊరు చెప్పను, మన పల్నాటి పల్లెల్లో ఒకటి అనుకోండి. తండ్రికి సొంతం రెండెకరాలు, కౌలుకి నాలుగు. మిర్చి, కాస్త పత్తి. పిల్ల ఇంటర్ చదువుతూ సెలవుల్లో నా దగ్గరికి లెక్కలకొచ్చేది. అడ్వాన్స్‌డ్‌లో ఇరవై వేలు దాటి ర్యాంకు వచ్చింది. మద్రాసుకీ, హైదరాబాదుకీ, మన తిరుపతికీ ఆ ర్యాంకు చాలదు. కానీ దూరంగా ఉన్న ఐఐటీల్లో ఆడపిల్లలకు కేటాయించిన సీట్లలో దొరకొచ్చు. జోసా కౌన్సెలింగ్‌లో ఆప్షన్లన్నీ తనే కూర్చుని పెట్టుకుంది. జూన్ మధ్యలో మొదటి రౌండులోనే ధన్‌బాద్‌లో సీటొచ్చింది. స్వీట్లు పంచారు. సాయంత్రానికి ఇంట్లో రచ్చ మొదలైంది.

ధన్‌బాద్ ఎక్కడుంది? జార్ఖండ్‌లో. భాషేంటి? హిందీ. ఎవరున్నారక్కడ? ఎవరూ లేరు. "బొగ్గు గనుల ఊరంట, ఆడపిల్లని అక్కడ పెట్టి మనం ఇక్కడ నిద్రపోగలమా" అని నాయనమ్మ. "నాలుగేళ్లు అక్కడ చదివితే దానికి తగ్గ సంబంధం ఎక్కడ తెస్తావ్ అన్నయ్యా" అని బాబాయి. తల్లి నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లాను. ధన్‌బాద్ నుంచి కేరళలో అలెప్పీకి పోయే రైలు విజయవాడ మీదుగానే రోజూ వెళ్తుందనీ, ఇక్కడ ఎక్కితే అక్కడే దిగొచ్చనీ చెప్పాను. ఆ కాలేజీ 1926లో పెట్టిందనీ, 2016లో ఐఐటీ అయిందనీ చెప్పాను. తండ్రి వింటూ కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదండీ. "ఆలోచిద్దాం మేడమ్ గారూ" అన్నాడు. కౌన్సెలింగ్‌లో ఆలోచించడానికి ఇచ్చేది నాలుగు రోజులు. ఆ లోపు డబ్బు కట్టి సీటు ఒప్పుకోకపోతే సీటూ పోతుంది, తర్వాతి రౌండ్లూ పోతాయి. ఎవరూ 'వద్దు' అనలేదు. గడువు దాటిపోయింది, అంతే.

మన ఇళ్లలో ఆడపిల్ల చదువు ఇలాగే ఆగుతుందేమో అనిపిస్తుంది నాకు. ఎవరూ ఆపినట్టుండదు.

ఆ రోజు నాయనమ్మ అన్న హాస్టల్ భయం గురించి ఒక్కమాట. ఇదే పిల్లని పదో తరగతి అవగానే, పదిహేనేళ్లకి, విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. గదికి పదిమంది. ఇంటికి రావడం దసరాకీ సంక్రాంతికీ. అప్పుడు ఈ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టకపోలేదు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో లెక్కలేనన్ని ఇళ్లలో ఇదే కథ. మరి పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లకి ధన్‌బాద్ ఎందుకు భయం? నాకు తోచింది చెబుతాను, కోప్పడకండి. విజయవాడ హాస్టల్ గేటుకి తాళం ఉంటుంది. ఐఐటీ గేటుకి ఉండదు. మన భయం దూరం గురించి కాదు, తాళం గురించి.

హాస్టల్ పేరు చెప్పి ఆడపిల్లని వెనక్కి పంపడం కొత్తేమీ కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు పరీక్షలు ప్రైవేటుగా కట్టి పాసై, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సీటడిగితే, ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నది అడ్డమొచ్చింది. ఆవిడ ఊరుకోలేదు. హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలెవరైనా ఉంటే రమ్మని పేపర్లో ప్రకటన వేశారు. వచ్చినవాళ్లతో కలిసి ఒక ఇల్లు చూసుకుని హాస్టల్ మొదలెట్టారు. ఇది 1930ల నాటి మాట. ఇప్పుడు హాస్టళ్లున్నాయి, సీట్లున్నాయి. ఆడపిల్లల కోసమని అదనంగా వేసి మరీ ఇస్తున్నారు.

ఆ అదనపు సీట్ల మీద కూడా మా వీధిలో ఒకాయన మూతి విరిచాడు. "కోటా సీటేగా" అని. కాస్త వివరంగా చెప్పాలి ఇది. 2016లో ఐఐటీల్లో చేరినవాళ్లలో ఆడపిల్లలు నూటికి ఎనిమిది మందే. అందుకని 2018లో కనీసం నూటికి పద్నాలుగు మంది ఉండేలా కొత్త సీట్లు కలిపారు. మర్నాటేడు దాన్ని పదిహేడు చేశారు, 2020కి ఇరవై చేశారు. మగపిల్లల సీటు ఒక్కటీ తీయలేదు. పరీక్ష అదే, పేపరు అదే, ర్యాంకుల జాబితాలో పేరుండాల్సిందే. ఆ మూతి విరిచినాయన కొడుకు కూడా అదే పరీక్ష రాశాడు. జాబితాలో పేరు లేదు. నేనేమీ అనలేదు లెండి, పక్కింటివాళ్లం.

ఇక డబ్బు. ఆ ఏడాది మిర్చి రైతు పరిస్థితి మీకు తెలిసిందే. అంతకు ముందటేడు క్వింటా ఇరవై వేలు చూసినవాళ్లు 2025లో దాదాపు సగానికి పడిపోయారు. కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలని ఒక ధర ప్రకటించాల్సి వచ్చింది. వీళ్ల టిక్కీలు గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో పడున్నాయి. "అవి అమ్ముడైతే కదా మేడమ్ గారూ" అంది తల్లి. ఐఐటీలో ఏడాదికి రెండు లక్షల ఫీజని ఎవరో చెప్పారు వాళ్లకి. నిజమే, 2016 నుంచి ట్యూషన్ ఫీజు అంతే. కానీ సగం నిజం. ఎస్సీ, ఎస్టీ పిల్లలకీ, దివ్యాంగులకీ ఆ ఫీజు లేదు. ఏడాదికి లక్ష లోపు ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకీ లేదు. లక్షకీ ఐదు లక్షలకీ మధ్య ఉంటే మూడొంతుల్లో రెండొంతులు మాఫీ. ఆ లెక్కన ఈ పిల్లకి పడేది ఏడాదికి అరవై ఏడు వేలు, పైన హాస్టలూ తిండీ. బ్యాంకులు చదువు అప్పు ఇస్తాయి కూడా. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు, కానీ నేను చెప్పేసరికి మూడో రోజైంది.

ఆ తల్లికి తెలియని విషయం ఇంకోటుందని అనుకోకండి. పెద్దాడికి ఇంటర్ అయ్యాక ఏడాదిపాటు లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పించారు, వడ్డీకి తెచ్చి. అయినా వాడికి ర్యాంకు రాలేదు, ప్రైవేటు కాలేజీలో చేరాడు. ఆ డబ్బు పోయిందని ఎవరూ బాధపడలేదు. మగపిల్లాడి మీద పెట్టింది పోతే దురదృష్టం. ఆడపిల్ల మీద పెడితే ముందే వృథా. ఈ మాట ఆవిడే నాతో అంది, పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ.

అవతలి మాట కూడా చెప్పాలి. ఆ పిల్లకి వచ్చింది కంప్యూటర్ బ్రాంచి కాదు, మైనింగ్. ఇక్కడే మంచి కాలేజీలో కంప్యూటర్ సైన్స్ కన్వీనర్ సీటు వస్తుంటే అంతదూరం పోయి గనుల చదువెందుకని అడిగితే, అది తీసిపారేసే ప్రశ్న కాదు. ఐఐటీ అనే మూడక్షరాల కోసం ఇష్టంలేని చదువు చదివి ఏడ్చినవాళ్లని నేను చూశాను. గనుల్లో ఆడవాళ్లకి పనేముంటుంది అన్నారు గానీ, అదీ పాతబడింది. 1952 చట్టంలో భూమి కింద ఆడవాళ్లు పనిచేయకూడదని ఉన్న నిషేధాన్ని 2019లో సడలించారు. సరే, ఏది మంచిదన్నది నేను తేల్చలేను. ఆ పిల్ల తేల్చుకోవాల్సింది. నాలుగు రోజులూ ఆ ఇంట్లో నాయనమ్మ మాట్లాడింది, బాబాయి మాట్లాడాడు, నేను కూడా మాట్లాడాను. పిల్ల మంచినీళ్లు అందించింది.

ఇంత మాట్లాడుతున్న నేను ఏం చేశానో కూడా చెప్పేస్తాను. 1998లో మా అమ్మాయికి ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. వరంగల్ ఆర్‌ఈసీలో సీటు. అదే ఇప్పుడు ఎన్‌ఐటీ. వాళ్ల నాన్న పంపుదామన్నారు. నేనే వద్దన్నాను. ఏడుగంటల ప్రయాణం, ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు, ఇక్కడ ఇంటి దగ్గరే చదువుకోవచ్చుగా అన్నాను. బయట తల్లులందరికీ ధైర్యం చెప్పే లెక్కల మేడమ్ ఇంట్లో అలా ఉంది. మా అమ్మాయి ఇక్కడే చదివింది, ఉద్యోగం చేస్తోంది, బాగానే ఉంది. ఏనాడూ నన్ను ఒక్కమాట అనలేదు. ఈ ధన్‌బాద్ సంగతి ఫోన్లో చెబితే మాత్రం, "నువ్వెళ్లి వాళ్లకి చెప్పావా అమ్మా?" అని అడిగి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ పిల్ల ఇప్పుడు గుంటూరు దగ్గర కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చదువుతోంది. బస్సులో రోజూ పోయి వస్తోంది. క్లాసులో ఫస్టేనట.

మొన్న వాళ్లమ్మ వచ్చింది. చిన్నమ్మాయి ఉందిగా, పదో తరగతి. సర్కారు బడి. "దీన్ని ట్రిపుల్ ఐటీలో వేద్దామా మేడమ్ గారూ, ఒంగోలులో కూడా ఉందంటగా" అంది. ఉంది, 2016లో పెట్టారు. పరీక్ష లేదు, పది మార్కులతోనే సీటు, సర్కారు బడి పిల్లలకి కొంత అదనం కలుపుతారు, ఆరేళ్లు అక్కడే. మంచిదే అన్నాను. కానీ ఆ చిన్నది పక్కనే నిలబడి, "నేను ఇంటర్ చదివి జేఈఈ రాస్తా మేడమ్" అంది, వాళ్లమ్మ వైపు చూడకుండా. తల్లి నా వైపు చూసింది. ఆదాయం సర్టిఫికెట్ ఇప్పటి నుంచే కనుక్కుని పెట్టుకోమన్నాను. లెక్కలకి ఆదివారం నుంచి రమ్మన్నాను.