గవదబిళ్లలు దవడతో ఆగకపోతే

సూరత్ పక్కన పల్సానా తాలూకాలోని జోల్వా నేత మిల్లుల ఊరు. ఇలాంటి మిల్లు ప్రాంతాల్లో ఇల్లు వదిలి వచ్చిన యువకులు ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. తెలంగాణ నుంచి సూరత్ చేరిన నేత కార్మికులకూ ఈ బతుకు కొత్త కాదు. తుంపర్లతో వ్యాపించే గవదబిళ్లల వైరస్‌కు అలాంటి గది చాలు.

గవదబిళ్లలను చిన్నపిల్లల జబ్బుగానే చూస్తాం. కానీ టీకా వేయించుకోని వయోజన పురుషులకు ఇది సోకితే, సుమారు 15 నుంచి 30 శాతం మందిలో వృషణం వాస్తుంది. సాధారణంగా దవడ వాపు మొదలైన 4 నుంచి 8 రోజులకు జ్వరం మళ్లీ పెరిగి, ఒకవైపు, కొందరికి రెండువైపులా, తీవ్రమైన నొప్పి వస్తుంది. దవడ వాయకుండానే ఇది రావచ్చు కూడా.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, సిగ్గుతో ఎవరికీ చెప్పకపోవడం. రెండోది, ‘గవదబిళ్లల వల్లే’ అని మనమే తేల్చేసుకోవడం. రెండోదే ఎక్కువ ప్రమాదం. వృషణం మెలితిరిగి రక్తప్రసరణ ఆగినా ఇలాగే నొప్పి వస్తుంది. అప్పుడు దాదాపు 6 గంటల్లోపు శస్త్రచికిత్స చేస్తే వృషణం దక్కే అవకాశం బాగా ఎక్కువ. ఆలస్యమైతే తొలగించాల్సి రావచ్చు.

ఈ తేడా పట్టేది డాప్లర్ స్కానింగ్. దగ్గరికొచ్చే రైలు కూత ఒకలా, దూరమయ్యే కూత మరోలా వినిపిస్తుంది కదా, కదిలే రక్తకణాలను తాకి వెనక్కి వచ్చే ధ్వని తరంగాల పౌనఃపున్యమూ అలాగే మారుతుంది. వాపు ఉంటే రక్తప్రవాహం పెరిగినట్టు, మెలిపడితే తగ్గినట్టు లేదా ఆగినట్టు కనిపిస్తుంది. మెలిపడిందన్న అనుమానం బలంగా ఉంటే స్కానింగ్ కోసం ఎదురుచూడకూడదు. బ్యాక్టీరియా కారణమా అన్నది మూత్ర పరీక్ష, గవదబిళ్లలేనా అన్నది బుగ్గ లోపలి నమూనాతో చేసే పీసీఆర్ పరీక్ష తేలుస్తాయి.

వైరస్ అని తేలితే యాంటీబయాటిక్‌తో పనిలేదు. విశ్రాంతి, బిగుతైన లోదుస్తుల ఆసరా, గుడ్డలో చుట్టిన ఐస్, వైద్యులు రాసిన నొప్పి మాత్రలు చాలు. దవడ వాచిన 5 రోజుల వరకు ఇతరులకు దూరంగా ఉండాలి. మిల్లులో రోజు కూలీ పోతుందనుకునే వ్యక్తికి ఈ విశ్రాంతే అన్నిటికన్నా ఖరీదైన మందు. ఆ సెలవు ఇవ్వడం యజమాని దయ కాదు, అంటువ్యాధి నియంత్రణ.

‘ఇక పిల్లలు పుట్టరు’ అన్న భయం మాత్రం చాలావరకు అతిశయమే. కొందరిలో వృషణం కుంచించుకుపోతుంది, వీర్యకణాలు తగ్గవచ్చు. పూర్తి వంధ్యత్వం అరుదు. వీర్యకణాలు తయారుకావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, అనుమానం ఉంటే మూడు నెలల తర్వాత పరీక్ష చేయించుకోవాలి.

అసలు ప్రశ్న టీకాది. ప్రభుత్వ కార్యక్రమంలో మన పిల్లలకు ఇస్తున్న ఎంఆర్ టీకా తట్టు, రుబెల్లాలకే. గవదబిళ్లలను కూడా ఆపే ఎంఎంఆర్‌ను పిల్లల వైద్యుల సంఘం సిఫార్సు చేస్తున్నా, అది దొరికేది ఎక్కువగా డబ్బు పెట్టగలిగిన వారికే. 2024 ఆరంభంలో కేరళలో వేల కేసులు వచ్చాయి. ప్రాణం తీయదు కదా అన్న వాదన ఇక చాలదు. వినికిడి పోవడం, మెదడు పొరల వాపు కూడా ఈ వైరస్ పనులే. ఆ మూడో టీకాను ఉచిత జాబితాలో చేర్చాలి. అప్పటిదాకా, నొప్పి వచ్చిన రోజే ఆసుపత్రికి వెళ్లడం మన చేతిలో ఉంది.