చెవిపోగు – నమ్మకము

పాడిగేదె రైతునకు ఎంతటి సొత్తో సంఘ సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. పంట పోయిన యేట ఇల్లు గడుపునది అదియే. దానికి బీమా చేయించుట వివేకము. జాతీయ పశుసంపద మిషను క్రింద రైతు చెల్లింపవలసిన ప్రీమియము వాటాను కేంద్ర ప్రభుత్వము 2024వ సంవత్సరమున నూటికి 15 వంతులకు తగ్గించినది. అయినను పశువు చచ్చినపుడు సొమ్ము రాలేదను మొర గ్రామములందు మాకు తరచు వినబడుచున్నది. ఇందులకు ఒక ముఖ్య కారణము మనలో కొందరు చేయు మోసమే.

బీమా లేని గేదె చచ్చినపుడు, బ్రతికియున్న గేదె చెవినుండి నంబరు పోగును తీసి దానికి తగిలించుట, రోగము దాచి బీమా చేయించుట, లేని విలువ వ్రాయించుట – ఇవి ఆ మోసములు. వీని నరికట్టుటకే కంపెనీలు పోగు లేనిచో పరిహారము లేదను నిబంధన పెట్టినవి. పశువు ఆరోగ్యమును, విలువను పశువైద్యుడు ధ్రువపరుపవలెను. పెక్కు పాలసీలలో మొదటి 15 దినములలో రోగముచే చచ్చిన పశువునకు సొమ్ము లేదు. చావును వెంటనే తెలిపి, వైద్యుని పత్రమును, ఫొటోలను, పోగును ఒప్పగింపవలెను. అనుమానము కలిగినచో విచారణకు మనిషి వచ్చును. మన వ్రేలిముద్రల వలె పశువుల ముట్టె గీతలు వేరు వేరుగ నుండును గనుక, వాని ఫొటోలను పోల్చు పద్ధతియు వచ్చినది. మోసము రుజువైనచో, 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను క్రింద 7 సంవత్సరముల వరకు కారాగారము విధింపవచ్చును.

ఈ కట్టుబాట్లు అవసరమే. కాని పోగు తుమ్మకంపకు తగిలి తెగిపోవుటయు కలదు. చెవి పుండుపడి ఊడిపోవుటయు కలదు. అట్టి రైతు నిజము చెప్పినను దొంగతో సమానముగ చూడబడుచున్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పియా? ఫొటోలు, వైద్యుని చీటీలు, పాలకేంద్రపు లెక్కలు ఉండగా, వానిని చూడకయే కాగితము త్రిప్పి పంపుట న్యాయము కాదని మా అభిప్రాయము.

అయితే కంపెనీవారిని ఈ మాట అడుగుటకు మన చేతులు శుభ్రముగ నుండవలెను. పొరుగువాడు గదా యని అబద్ధపు పంచనామాపై సంతకము చేయువారు దానిని దయ యనుకొనుచున్నారు. ఆ సొమ్ము రేపు నిజముగా గేదెను పోగొట్టుకొను వానిది. వాని మాట నమ్మకుండ చేయునది ఈ సంతకమే.

కావున ప్రతి సంఘమును బీమా పశువుల రిజిష్టరు నొకదానిని ఉంచవలెను. పోగు ఊడిన దినముననే కంపెనీకి వ్రాసి, క్రొత్త పోగు వేయించి, ఆ నంబరును పాలసీలో చేర్పించి, రశీదును భద్రపరుపవలెను. అన్యాయముగ త్రోసివేసినచో కారణములను వ్రాతమూలముగ కోరి, 2019వ సంవత్సరపు చట్టము ననుసరించి వినియోగదారుల కమిషను నాశ్రయింపవచ్చును. అచ్చట మన రిజిష్టరు సాక్ష్యము చెప్పవలెనన్న, అందులో ఒక్క అబద్ధపు పంక్తియు ఉండరాదు. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును చర్చింప కోరుచున్నాము.