నెట్టు స్లో కాదు చిన్నాయనా, వైరు సగమే ఉంది

మదనపల్లెలో మా చిన్నాయనకి ఇంట్లోనే చిన్న ఫోటో స్టూడియో ఉంది. సీజన్లో ఒక్కో పెళ్ళికి వీడియో, ఫోటోలు కలిపి 60 జీబీ దాకా అవుతాయి. కింద గదిలో కార్డు నుంచి దించుకుని, మేడ మీద ఎడిటింగ్ కంప్యూటర్‌కి నెట్‌వర్క్‌లో కాపీ పెడతాడు. అది గంటన్నర నడుస్తుంది. ముహూర్తాలు వరసగా పడితే ఇక రాత్రంతా కాపీయే. ఆల్బం ఆలస్యమైందని పెళ్ళివారితో మాట పడ్డం కూడా అయింది.

"నెట్టు శానా స్లోగా ఉండాది రా అబ్బయ్యా" అని పోయినేడు ఫోన్ చేశాడు. నేను బెంగుళూరులో ఏదో మీటింగులో ఉండి, "పెద్ద ప్లాన్‌కి మారు చిన్నాయనా" అనేశాను. ఆయన నిజంగానే మారాడు. ఏడాది డబ్బులు ముందే కట్టేశాడు. కాపీ మాత్రం ఒక్క నిమిషం కూడా తగ్గలేదు.

ఎందుకు తగ్గుతుంది? కింద గది నుంచి మేడ మీదికి పోయే ఫైలు అసలు వీధి గుమ్మం దాటదు. రౌటర్ దాకా వెళ్ళి అక్కణ్ణుంచి పైకి పోతుంది. బయటి నెట్ కనెక్షన్ పీకేసినా అంతే వేగంతో నడుస్తుంది. ఈ ముక్క నాకు తెలీదా? తెలుసు. ఆఫీసులో ఎవరైనా టికెట్ పెడితే లాగ్‌లు చూడకుండా నోరు విప్పను. ఇంట్లోవాళ్ళు అడిగితే మాత్రం నోటికొచ్చింది చెప్పేశాను. మనలో చాలామందిమి ఇంతేనని నా అనుమానం.

దీనికి తోడు ఈ 'ఎంబీ' గోల ఒకటి. మెగాబిట్టూ ఎంబీయే, మెగాబైటూ ఎంబీయే. ఇంగ్లీషులో కనీసం చిన్న బీ, పెద్ద బీ అని తేడా రాస్తారు, మన అక్షరాల్లో ఆ సౌకర్యం కూడా లేదు. ప్లాన్‌లో చెప్పేది బిట్లు, కాపీ పెట్టినప్పుడు విండోస్ చూపించేది బైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. అంటే 100 మెగాబిట్ల లైను మీద 12.5 మెగాబైట్లకి మించి రావు. ప్రోటోకాల్ ఖర్చులు పోను 11 చిల్లర.

ఈసారి ఊరికెళ్ళినప్పుడు పక్కన కూర్చుని చూస్తే, చిన్నాయన కాపీ సరిగ్గా 11 దగ్గర ఆగి ఉంది. ఆ అంకె చూడగానే దొంగ ఎవరో సగం తెలిసిపోయింది. రెండు కంప్యూటర్లలోనూ, రౌటర్లోనూ ఉన్నవి గిగాబిట్ పోర్టులే. కానీ మేడ మీది కంప్యూటర్లో అడాప్టర్ స్టేటస్ తెరిస్తే స్పీడ్ 100 అని ఉంది. డిస్కు మీద అనుమానం మిగలకుండా ఐపెర్ఫ్ నడిపాను (ఇది డిస్కుతో పని లేకుండా ఒట్టి లైను వేగాన్ని కొలుస్తుంది). 94 మెగాబిట్లు. పాపం, డిస్కు నిర్దోషి.

చివరికి గోడలో ఉన్న సాకెట్ విప్పితే సంగతి బయటపడింది. కేబుల్లో ఉండేవి ఎనిమిది తీగలు, నాలుగు జతలు. అందులో రెండు జతలే కంప్యూటర్‌కి వస్తున్నాయి. మిగతా రెండు జతల్ని మెట్ల దగ్గర సీసీ కెమెరాకి తిప్పేశారు! కెమెరా బిగించిన అతను ఇంకో వైరు లాగే పని తప్పించుకున్నాడన్నమాట. అతన్ని తిట్టబుద్ధి కాలేదు. 100 మెగాబిట్ల ఈథర్‌నెట్‌కి రెండు జతలు చాలు, అతని లెక్క అతనికి సరిపోయింది. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. అవి లేకపోతే కొన్ని కార్డులు అసలు లింకే ఇవ్వవు. ఇవి మర్యాదగా 100కి దిగి, ఎవరికీ చెప్పకుండా పని చేసుకుపోతున్నాయి.

కొత్త కేబుల్ లాగాం. కొనేటప్పుడు లోపల తీగ మొత్తం రాగేనా అని అడగండి, అల్యూమినియం మీద రాగి పూత వేసినవి కూడా అంగళ్ళలో అమ్ముతారు. ఇప్పుడు ఐపెర్ఫ్ 940 చూపిస్తోంది. 60 జీబీ పది నిమిషాల్లో పైకి పోతోంది.

ఇది చుట్టాలందరికీ పాకింది. అలాగని అందరినీ వైరు మార్చుకోమంటే మళ్ళీ పాత తప్పే. కుప్పంలో మా మామ ఇంట్లో రెండు లాప్‌టాప్‌లూ వైఫై మీదే, రాతి గోడలు, మధ్యలో ఒక రిపీటర్. ఒకే ఛానల్లో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాలి. ఫైలు ఒకసారి రౌటర్‌కి, మరోసారి రౌటర్ నుంచి, మధ్యలో రిపీటర్ మళ్ళీ అదే చెప్పాలి. వేగం 2 మెగాబైట్లు దాటలేదు. సిగ్నల్ మాత్రం నిండుగా కనబడుతోంది! రిపీటర్ ఉన్న గదికి ఒక కేబుల్ లాగి, దాన్ని యాక్సెస్ పాయింట్‌గా మార్చాక కుదుటపడింది.

పుంగనూరులో మా అక్క వాళ్ళింట్లో లైనూ బాగుంది, పోర్టులూ బాగున్నాయి. సినిమా ఫైలు ఎగిరిపోతుంది, పిల్లల ఫోటోలు 30 వేలు మాత్రం పాకుతున్నాయి. ప్రతి ఫైలుకీ తెరవడం, రాయడం, మూయడం, పైన యాంటీవైరస్ తనిఖీ. పుంగనూరు ఆవు పొట్టిదైతే ముద్దుగానీ ఫైళ్ళు కాదు :) రోబోకాపీలో ఒకేసారి పదహారు ఫైళ్ళు పోయేలా పెట్టి వచ్చేశాను.

పెద్ద ప్లాన్ వద్దని చిన్నాయన కేబుల్ ఆఫీసుకి వెళ్తే, ముందే కట్టింది వెనక్కి రాదన్నారట. ఇంకా నాలుగు నెలలుంది. "ఆ నాలుగు నెల్లది నువ్వే ఇచ్చెయ్ రా అబ్బయ్యా" అన్నాడు నవ్వుతూ. పంపించాను. మెట్ల దగ్గర కెమెరాకి ఇంకో వైరు లాగే పని కూడా నాదేనట, వచ్చే ఆదివారం.