మునిగిన ఊళ్లకు ఒక వనం

కనుమరుగైన దీపస్తంభం గుర్తుగా సముద్రతీర నగరంలో ఉద్యానవనం వెలిస్తే అందరం మెచ్చుకుంటాం. మరి కృష్ణలో మునిగిన మన ఊళ్ల గుర్తేదీ?

శ్రీశైలం జలాశయం కింద 1981 నాటికి వందకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. పాపనాశి, సోమశిల గుళ్లనూ గట్టుకు చేర్చారు. ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఆ గుళ్లలో దీపం పెట్టిన ఊళ్లు, వాటి బావులు, కల్లాలు, రచ్చకట్టలు ఏ గట్టుకు చేరాయి? జలాశయం పూర్తి మట్టం 885 అడుగులని మనకు తెలుసు. ఆ లెక్క కింద ఎన్ని గడపలున్నాయో నేను ఏ పాఠంలోనూ చదవలేదు.

"పార్కు బువ్వ పెడ్తదా?" అన్నాడు మా నాయిన. సేద్యం చేసే మనిషి, అడగాల్సిన మాటే. పెట్టదు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. దాని కోసం తిరిగి తిరిగి ఎందరో ముసలివాళ్లయ్యారు. వనం ఆ ఉద్యోగానికి, పోయిన భూమికి బదులు కాదు. అయితే ఊరి పేరే మరిచిపోతే రేపు ఆ బాకీ అడిగేదెవరు?

సోమశిల ఒడ్డున రెండెకరాలు చాలు. ఊరికో రాయి, రాయి మీద పేరు, పక్కన ఒక వేపచెట్టు. ఫౌంటెన్లు, రంగు దీపాలు అక్కర్లేదు.

మిత్రులారా! సర్కారు కదిలేదాకా కూర్చోవద్దు. పాత ఊరిని చూసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈ సెలవుల్లో నోటు పుస్తకం పట్టుకొని వాళ్ల దగ్గరికి పోదాం. ముందు పేర్లు రాసుకుందాం. రాళ్లు తర్వాత నిలబెట్టవచ్చు.