ముప్పై కుర్చీల మినహాయింపు

మొన్నొక సాహిత్య సభలో ఒక పెద్దాయన ఇరానీ కేఫుల గురించి మాట్లాడారు. పేరు ఎందుకులెండి, నాకు చాలా ఇష్టమైన కవి. ఒక్క చాయ్ ముందు పెట్టుకుని గంటలకొద్దీ కూర్చోవడం, సిగరెట్టు మీద సిగరెట్టు వెలిగించడం, ఆ పొగలోంచే కవితలు పుట్టడం, అన్నీ కళ్ళకి కట్టినట్టు చెప్పారు. చివర్లో, "పొగ తాగరాదని బోర్డు పెట్టిన రోజే ఆ కేఫుల్లో సాహిత్యం చచ్చిపోయింది" అన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. కొట్టాక గానీ నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు.

ఆ చప్పట్లు వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, నేను తొమ్మిదేళ్ళు సిగరెట్లు తాగినవాణ్ణి. కొత్తగా మానేసినవాడు చెప్పే నీతులు ఎంత విసుగ్గా ఉంటాయో నాకు తెలుసు. పొగ ఆరోగ్యానికి చేటని చెప్పడానికి నేను అక్కర్లేదు, పెట్టె మీదే బొమ్మ వేసి ఉంటుంది. నా గొడవ వేరే. మూసి ఉన్న బహిరంగ స్థలాల్లో పొగ నిషేధం గురించి మనవాళ్ళు ఎప్పుడు వాదించుకున్నా అందులో రెండే పాత్రలుంటాయి: తాగేవాడి స్వేచ్ఛ, తాగనివాడి ముక్కు. టీవీ చర్చలోనూ ఇవే, సాహిత్య సభలోనూ ఇవే. మూడో మనిషి ఒకడున్నాడు. వాడి చేతిలో ట్రే ఉంటుంది.

2015లో మేం అయిదారుగురం ప్రతి శనివారం సాయంత్రం మాదాపూర్ వైపు ఒక కేఫులో కలిసేవాళ్ళం. మేడ మీద అద్దాల గది, తలుపు మీద స్మోకింగ్ జోన్ అని రాసి ఉండేది. అక్కడ చలం, బుచ్చిబాబు, త్రిపుర అందరూ నలిగారు. ఒక స్నేహితురాలు రెండు వారాలు వచ్చి మానేసింది. "మీ చర్చ బాగుంటుంది గానీ, ఇంటికెళ్ళి తలస్నానం చెయ్యాల్సొస్తోంది" అంది. పెద్ద జోకు పేలినట్టు నవ్వుకున్నాం. ఆ తర్వాత మా గుంపులో అందరం మగవాళ్ళమే ఎందుకయ్యామో ఎవరమూ ఆలోచించలేదు. స్త్రీవాద కథల మీద మాత్రం రెండు శనివారాలు చర్చించాం.

ఆ గదికి టీలు తెచ్చే కుర్రాడికి ఇరవై, ఇరవై రెండేళ్ళుంటాయి. శ్రీకాకుళం యాస. ఒకసారి మాటల్లో వాళ్ళ నాన్నమ్మ అడ్డపొగ తాగేదని చెప్పాడు. తెలియనివాళ్ళ కోసం: చుట్టని నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. ఉత్తరాంధ్ర పల్లెల్లో ముసలి ఆడవాళ్ళలో ఎక్కువగా ఉన్న అలవాటు. అంగిట్లో వచ్చే క్యాన్సర్ మీద విశాఖ డాక్టర్లు పరిశోధనలు చేసింది దీని వల్లే. "అంగిట్లో పుండు లేచి పోయింది సార్" అన్నాడు. ఆ రాత్రి ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను, కథకి పనికొస్తుందని.

కొన్నాళ్ళకి వాడు టీలు తలుపు దగ్గర బల్ల మీద పెట్టి, అద్దం మీద తట్టి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. ఏమిటయ్యా అంటే, "ఏమనుకోకండి సార్. లోపలికొస్తే రాత్రి ఒకటే దగ్గు. కాస్త మీరే తీసుకోండి" అన్నాడు. ఆ రోజు మా చర్చ రావిశాస్త్రి మీద. 'ఆరు సారా కథలు' ముందు పెట్టుకుని, నిషేధం అనే ప్రతి చట్టమూ చివరికి బీదవాడి నెత్తి మీదే పడుతుందని నేను గట్టిగా వాదిస్తున్నాను. మధ్యలో లేచి టీలు తెచ్చుకోవాల్సి వచ్చింది. వాదన తెగిపోయింది. వెళ్ళేటప్పుడు కౌంటర్‌లో ఉన్న మేనేజర్‌తో, "సర్వీసు ఈమధ్య బాగోలేదండీ, టీలు బల్ల మీద పెట్టేసి పోతున్నాడు" అన్నాను.

తర్వాత శనివారం వేరే కుర్రాడు వచ్చాడు. మొదటివాణ్ణి కింద హాల్లోకి మార్చారో, పంపించేశారో నాకు తెలియదు. అడగలేదు. ఇప్పుడు తల్చుకుంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఫిర్యాదు కూడా కాదు, అడక్కపోవడం.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. 2001 నవంబరులో మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించమంది. 2003లో సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2న కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చి ఆఫీసులు, క్యాంటీన్లు, కాఫీ హౌసులు, పబ్బులు, బార్లు అన్నిటినీ బహిరంగ స్థలాల లెక్కలోకి తెచ్చాయి. జరిమానా 200 రూపాయల దాకా. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ చట్టం నాలుగో సెక్షన్‌కి ఒక తోక ఉంది. ముప్పై గదులో అంతకన్నా ఎక్కువో ఉన్న హోటల్, ముప్పై మందో అంతకన్నా ఎక్కువో కూర్చునే రెస్టారెంట్, విమానాశ్రయం — వీళ్ళు పొగ తాగడానికి విడిగా చోటు పెట్టుకోవచ్చు.

ఆ చోటు ఎలా ఉండాలో 2008 నిబంధనలు ఇంజనీర్లకి నచ్చేంత వివరంగా చెప్తాయి. నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలుండాలి. తలుపు దానంతటదే మూసుకోవాలి. లోపలి గాలి నేరుగా బయటికి పోవాలే గానీ భవనంలోకి తిరిగి కలవకూడదు. మిగతా భవనం కన్నా ఆ గదిలో గాలి ఒత్తిడి తక్కువగా ఉండాలి, అంటే తలుపు తీసినప్పుడు బయటి గాలి లోపలికి రావాలి, లోపలి పొగ బయటికి రాకూడదు. ఎన్ని కేఫుల్లో ఇవన్నీ ఉన్నాయో మీరే చూసుకోండి. మా అద్దాల గది తలుపు కిందకి రబ్బరు ముక్క పెట్టి సగం తెరిచే ఉంచేవాళ్ళు, గాలాడటం లేదని. సరే, అన్నీ పక్కాగా ఉన్నాయనే అనుకుందాం. ఈ డిజైన్‌లో ఒక్కో షరతూ ఎవర్ని కాపాడుతోంది? బయట ఉన్నవాణ్ణి. మా భాషలో చెప్పాలంటే, ఇది రాసినవాళ్ళ దృష్టిలో యూజర్లు ఇద్దరే, లోపల తాగేవాడూ బయట తాగనివాడూ. ఆ ఇద్దరి మధ్యా రోజుకి యాభైసార్లు తలుపు తీసుకుని తిరిగేవాడు స్పెసిఫికేషన్‌లోనే లేడు.

ఇది 2017లో ఎవరికో తట్టింది. ఆ ఏడాది మే నెలలో కేంద్రం నిబంధనలకి సవరణ తెచ్చి, పొగ తాగడానికి కేటాయించిన చోట ఎలాంటి సర్వీసూ ఉండకూడదంది. అసలు గురి హుక్కా సెంటర్ల మీద, నాకు తెలుసు. అయినా ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు కాసేపు స్క్రీన్ ముందు అలాగే ఉండిపోయాను. కేఫు కుర్రాడు రెండేళ్ళ ముందు మమ్మల్ని అడిగింది సరిగ్గా అదే. వాడు అడిగితే సర్వీసు బాగోలేదన్నాం, గెజిట్‌లో వస్తే నిబంధన అన్నాం.

అది కూడా సగం మాటే. టీ లోపలికి వెళ్ళకపోయినా, యాష్‌ట్రే ఎవరు ఖాళీ చేస్తారు? రాత్రి పదకొండింటికి ఆ గది ఎవరు తుడుస్తారు? ఏసీ ఫిల్టర్ ఎవరు విప్పుతారు? "మంచి ఎగ్జాస్ట్ పెడితే సరిపోతుంది కదా" అనే మిత్రులకి: ఏసీలు, వెంటిలేషన్లు డిజైన్ చేసే ఇంజనీర్ల అమెరికా సంఘం ఆష్రే 2005లోనే తేల్చి చెప్పింది, లోపల పొగ తాగనివ్వకపోవడం తప్ప ఆ ప్రమాదాన్ని పూర్తిగా తీసేసే యంత్రం లేదని. యంత్రాలు అమ్ముకుని బతికే వృత్తివాళ్ళు ఈ పని యంత్రాలతో కాదని ఒప్పుకోవడం అరుదు, నమ్మొచ్చు. మరుసటి ఏడాది అమెరికా సర్జన్ జనరల్ నివేదిక కూడా, పక్కవాడి పొగకి ఇంతవరకైతే ఫర్వాలేదు అనే హద్దు లేదంది.

"ఇష్టం లేకపోతే వేరే కేఫుకి పోవచ్చుగా" అనేది రెండో వాదన. కస్టమర్‌కి ఇది చక్కగా వర్తిస్తుంది. నేను ఆ గదిలో వారానికి రెండు గంటలున్నాను. రోజుకి పది గంటల చొప్పున ఆరు రోజులు పనిచేసేవాడికి ఆ చుట్టుపక్కల అరవై గంటలు. వాడితో "వేరే ఉద్యోగం చూసుకో" అనడం మనకి ఎంత తేలికో! నైట్ షిఫ్టుల గురించి మేనేజరు ఇదే మాట మనతో అంటే దోపిడీ అని పోస్టులు పెడతాం.

ఐర్లండ్ వాళ్ళ గొప్పతనమంతా ఈ మూడో మనిషిని ముందు పెట్టడంలోనే ఉంది. 2004 మార్చి 29న, పబ్బులతో సహా దేశంలోని పనిచేసే చోట్లన్నిటా పొగ నిషేధించిన మొదటి దేశం అది. పబ్బు లేకపోతే ఐరిష్ సాహిత్యమే లేదని నమ్మే జనం వాళ్ళు, మన ఇరానీ కేఫు ప్రేమ వాళ్ళ ముందు ఏ మూలకి! అయినా వాళ్ళు ఆ చట్టాన్ని తాగుబోతుల ఆరోగ్యం కోసమని కాదు, బార్ వెనక నిలబడి పోసేవాడి కోసమని వాదించి తెచ్చుకున్నారు. తర్వాత డబ్లిన్‌లో 42 పబ్బుల గాలినీ, 73 మంది బార్ పనివాళ్ళ ఊపిరితిత్తులనీ నిషేధానికి ముందూ తర్వాతా కొలిచి చూశారు. గాలిలో సన్నటి ధూళి, పీఎం 2.5 అంటామే, అది 83 శాతం తగ్గింది. సిగరెట్ తాగని పనివాళ్ళ ఊపిరి మెరుగుపడింది. డబ్లిన్‌లో కవులు ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు, వాన వచ్చినా బయట నిలబడి తాగి వచ్చి మళ్ళీ కూర్చుంటున్నారు.

ఇక నేనే ఒకప్పుడు చేసిన వాదన: నిషేధాలన్నీ బీదవాళ్ళ మీదే పడతాయి. దీన్ని నేను ఇప్పటికీ వదులుకోలేదు. బస్టాండులో బీడీ వెలిగించిన కూలీ దగ్గర 200 గుంజడం ఎంత సులువో అందరికీ తెలుసు. ఆ చలాన్ల మీద రాయాల్సిన వ్యాసం వేరే ఉంది. ప్రభుత్వం రెండు నాల్కల గురించి కూడా కాదనను. గుంటూరులో 1976 నుంచీ పొగాకు బోర్డు నడుపుతారు, ఎల్ఐసీకి ఐటీసీలో బోలెడు వాటా ఉంటుంది, మనకి మాత్రం సినిమా మొదట్లో ఊపిరితిత్తుల బొమ్మ చూపిస్తారు. నిజామాబాద్ బీడీ కార్మికురాలికి వేరే బతుకు చూపించినవాడు లేడు. అన్నీ నిజమే. కానీ వీటిలో ఏ ఒక్కటీ అద్దాల గదికి సమర్థన కాదు. ఆ ముప్పై అంకె వైపు ఒకసారి చూడండి. ఆరు స్టూళ్ళున్న టీ కొట్టుకి మినహాయింపు లేదు. ముప్పై కుర్చీలుంటే ఉంది. విమానం ఎక్కేవాడికి గది ఉంది, బస్సు ఎక్కేవాడికి జరిమానా ఉంది. రావిశాస్త్రిని అడ్డం పెట్టుకుని నేను కాపాడింది బీదవాణ్ణి కాదు, నా కుర్చీని. పైగా ఆ గదిలో అసలు బీదవాడు ఎవరయ్యా అంటే, టీ పట్టుకుని వచ్చినవాడే.

తెలంగాణ 2024 ఫిబ్రవరిలో హుక్కా సెంటర్లు మూసేస్తూ ఇదే చట్టానికి రాష్ట్ర సవరణ చేసుకుంది. మరి సిగరెట్టు గదికి ఏం మర్యాద ఉందో నాకు అర్థం కాదు. 2020 చివర్లో కేంద్రం బయటపెట్టిన ముసాయిదాలో హోటళ్ళకీ రెస్టారెంట్లకీ ఉన్న ఈ వెసులుబాటు ఎత్తేయాలని ఉంది. ముసాయిదా అలాగే ఉండిపోయింది. హోటళ్ళ సంఘాలు గొడవ చేశాయంటే వాళ్ళ వ్యాపారం అనుకోవచ్చు. మనం, అంటే పుస్తకాలు చదివేవాళ్ళం, దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మనకి ఆ పొగ ఒక అలంకారం. శ్రీశ్రీ చేతిలో సిగరెట్టున్న ఫొటో గోడకి పెట్టుకుంటాం. గిరీశం వెంకటేశానికి చుట్ట అలవాటు చేసి, దానికో పురాణప్రమాణం కూడా తెచ్చి చూపిస్తాడు. గురజాడ నవ్వింది గిరీశాన్ని చూసి. మనం ఆ నవ్వు వదిలేసి పద్యం మాత్రం బట్టీ పట్టాం.

ఇరానీ కేఫులు పోవడానికి నాకు కనిపించే కారణాలు అద్దెలు, రోడ్డు వెడల్పులు, వారసులు వేరే పనుల్లోకి వెళ్ళిపోవడం. మిగిలిన వాటిలో ఇప్పటికీ బోర్డు కింద కూర్చుని కవిత్వం మాట్లాడుకునేవాళ్ళని చూస్తూనే ఉన్నాను. పెద్దాయనకి ఈ మాట సభలోనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు, పక్కవాళ్ళతో పాటు చప్పట్లు కొట్టాను.

వచ్చే నెల మా పాత గుంపులో ఒక మిత్రుడి కథల పుస్తకం మీద చర్చ ఉంది. చోటు అడిగితే, మళ్ళీ అలాంటి అద్దాల గదే, "పాత రోజుల్లా ఉంటుంది" అన్నాడు. కింద హాల్లో పెడితే వస్తానన్నాను. కింద మ్యూజిక్ ఎక్కువట. సౌండ్ తగ్గించమని మేనేజర్‌ని అడిగే పని నాకు వదిలెయ్యమన్నాను, మేనేజర్లతో మాట్లాడటం నాకు బాగానే అలవాటు కదా. ఇంకా జవాబు రాలేదు.