నలభై మంది పిల్లలుంటే చాలు

"మీవాళ్ళు మాంసం తింటారు కదా, పోషకాహార లోపమేమిటి?" అని ఒక అధికారి నన్ను అడిగారు. అందులో హేళన లేదు. ఆయన నిజంగానే అలా నమ్ముతున్నారు. మన బస్తీల వంటిళ్ళను చూడనివారి నమ్మకమది.

తెల్లవారగానే పసివాడి చేతికి ఒక బన్ను, సగం గ్లాసు చాయ్. మధ్యాహ్నం రేషన్ బియ్యపు అన్నం, పలుచని ఖట్టీ దాల్. మాంసం వారానికొకసారి, అదీ ఏడుగురికి పావుకిలో. మగవారు తిన్నాక మిగిలితేనే వడ్డించిన తల్లికి. భోజనంతో పాటు తాగే చాయ్ ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదన్న సంగతి ఆ తల్లికి ఎవరు చెప్పారు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ళలోపు పిల్లలలో 33 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. ఆరు నెలలు దాటిన చిన్నారులలో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఇవి అన్ని వర్గాలనూ కలిపిన లెక్కలు. ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలలో సదుపాయాల కొరతను సచార్ కమిటీ 2006లోనే నమోదు చేసింది.

గర్భం దాల్చిన నాటి నుండి బిడ్డకు రెండేళ్ళు నిండేవరకు, సుమారు వెయ్యి రోజులు, మెదడు అతివేగంగా పెరిగే కాలం. అప్పుడు పడిన లోటును తరువాత ఎంత తినిపించినా పూర్తిగా పూడ్చలేము. గిడసబారిన ఆడపిల్ల తల్లి అయినప్పుడు తక్కువ బరువు బిడ్డ పుట్టే ప్రమాదం ఎక్కువ. అలా పుట్టినవారిని నడివయసులో మధుమేహం, రక్తపోటు వెంటాడే అవకాశమూ ఎక్కువే. మన పిల్లలు చదువులో వెనకబడుతున్నారని సభలలో వాపోతాము. ఆ వెనుకబాటు బడి మెట్టెక్కక ముందే మొదలవుతున్నదని ఏ సభలోనూ వినలేదు.

మనమూ తక్కువ తినలేదు. రంజాన్‌లో పంచే సంచులలో బియ్యం, నూనె, చక్కెర, సేమియా ఉంటాయి. గర్భిణికి నెల రోజులు గుడ్లు, పాలు ఏర్పాటు చేయడం కూడా సదఖాయేనని మనకు తోచదు. అయినా దానధర్మాలతో తీరే లోటు కాదిది. ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం నలభై మంది ఉండి, అంగన్‌వాడీ లేని మురికివాడవాసులు కోరితే మూడు నెలల్లోగా కేంద్రాన్ని ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. అదే ఏడాది వెలువడిన ప్రధానమంత్రి నూతన 15 సూత్రాల కార్యక్రమంలో మైనారిటీ ప్రాంతాలకు అంగన్‌వాడీ సేవలు అందించడమే మొదటి అంశం. హక్కు ఉన్నది, అడిగినవారు లేరు.

ఉద్యోగమంతా దస్త్రాల మధ్య గడిపినవాణ్ణి. నోటిమాటకు ఫైలు కదలదని నాకు తెలుసు. నలుగురు యువకులతో కలిసి రెండు ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగాము. పేరు, వయసు, తల్లి పేరుతో సహా 63 మంది పిల్లలు లెక్క తేలారు. తల్లుల సంతకాలతో, వేలిముద్రలతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాము. పైన చెప్పిన ప్రశ్న ఎదురైనది అప్పుడే.

మూడు నెలలు గడిచాయి. మళ్ళీ వెళితే స్థలం లేదన్నారు. మస్జిద్ పక్కనున్న గదిని అద్దె లేకుండా ఇస్తామని కమిటీవారు రాసిచ్చారు. మొన్న సోమవారం ఆ లేఖనూ అందజేసి, దానికీ రసీదు తీసుకున్నాను.