పన్నెండు దాటని పిల్లలు

తణుకు బస్‌స్టాండులో పిల్లల వయస్సు తేల్చడం జ్యోతిష్కుల తరం కూడా కాదు. పొద్దున పాలకొల్లు బస్సు ఎక్కేటప్పుడు అయిదు నిండని కుర్రవాడు సాయంత్రం తిరుగు బస్సులోనూ అయిదు నిండకుండానే దిగుతాడు. వచ్చే సంక్రాంతికీ అంతే. భుజాన వేలాడే సంచిలో మాత్రం రెండో తరగతి తెలుగు వాచకం ఉంటుంది. ఒకటో తరగతిలో చేరడానికే అయిదేళ్ళు నిండాలన్న సంగతి కండక్టరుకూ తెలుసు, కన్నతల్లికీ తెలుసు. "వీడికింకా నాలుగేనండి, మనిషి ఎదిగిపోయాడంతే" అని ఆమె అంటుంది. కండక్టరు ఒకసారి కుర్రవాడి వంక, ఒకసారి వెనుక నిలబడ్డ జనం వంక చూసి ముందుకు కదులుతాడు.

నిబంధనలో గందరగోళం ఏమీ లేదు. ఆర్టీసీ బస్సుల్లో అయిదేళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు అక్కరలేదు. అయిదు నుంచి పన్నెండు వరకు అర టిక్కెట్టు. ఆ పైన పూర్తి ఛార్జీ. గందరగోళమంతా ఆ అయిదు దగ్గర, ఆ పన్నెండు దగ్గర పెద్దల నోట పుడుతున్నదే. అయిదు నిండడానికి కొందరు పిల్లలకు ఏడేళ్ళు పడుతోంది. పన్నెండు దాటడానికి పదిహేనేళ్ళు పడుతోంది. నూనూగు మీసం వస్తున్న కుర్రవాణ్ణి పక్కన నిలబెట్టుకుని "ఒక ఫుల్లు, ఒక హాఫ్" అని అడిగే తండ్రులు లేకపోలేదు.

విచిత్రమేమిటంటే, ఇదే జిల్లాలో ఒకప్పుడు వయస్సు పెంచి చెప్పడం పరిపాటిగా ఉండేది. పిల్లవాణ్ణి తొందరగా బడిలో పడేయడానికి తండ్రి ఒక ఏడాది కలిపేవాడు, హెడ్మాస్టరు గారు తనకు తోచిన తేదీ వేసేవారు. అందుకే ఆ తరం ఉద్యోగుల్లో అంతమంది జూలై 1వ తేదీన పుట్టి, ఒకేసారి రిటైరయ్యారు. బడి రిజిస్టరులో ఆరేళ్ళవాడు బస్సులో నాలుగేళ్ళవాడు. రెండూ చెప్పినది ఒకే తండ్రి.

పిల్లల రాయితీ దుర్వినియోగం అవుతోందని అధికారులు అంటూంటారు. ఆ మాటను కాస్త సరిచేయవలసి ఉంది. దుర్వినియోగం చేసేవారు పిల్లలు కారు. మిగిలిన పది రూపాయలు పిల్లవాడి జేబులోకి పోవడం లేదు. ఆ కుర్రవాడు చేసే పనల్లా, ఇంట్లో చెప్పిపెట్టిన అంకెను కండక్టరు అడిగినప్పుడు అప్పగించడమే. కొందరు ఆ పని సరిగ్గా చేయలేరు. "ఎన్నో క్లాసురా బాబూ?" అని కండక్టరు నవ్వుతూ అడిగితే "థర్డు" అని టక్కున చెప్పేస్తారు. బస్సంతా నవ్వుతుంది. బస్సు దిగిన తర్వాత వాడికి పడే మొట్టికాయను మాత్రం ఎవరూ చూడరు. నిజం చెప్పినందుకు తల్లి చేతనో, తండ్రి చేతనో దెబ్బ తిన్న పిల్లవాడు ఆ సాయంత్రం బళ్ళో చెప్పిన నీతికథను ఏమని అర్థం చేసుకోవాలో ఆ పెద్దలే చెప్పాలి.

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం వచ్చిన తర్వాత ఈ అర టిక్కెట్టు కథ కొత్త మలుపు తిరిగింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి అయిదు రకాల బస్సుల్లో ఆడవారికి, ఆడపిల్లలకు, ట్రాన్స్‌జెండర్లకు గుర్తింపు కార్డు చూపిస్తే ఛార్జీ లేదు. ఒక తల్లి కూతురితో, ఏడేళ్ళ కొడుకుతో అత్తిలి బస్సు ఎక్కిందనుకుందాం. తల్లికి జీరో టిక్కెట్టు. కూతురికి జీరో టిక్కెట్టు. కొనవలసినది ఆ బుల్లోడికొక్కడికే, అదీ అర టిక్కెట్టే. ముప్పై ఏళ్ళ తల్లికి లేని ఛార్జీ మూడడుగుల పిల్లవాడికి ఏమిటని ఆమెకు అనిపించడంలో వింత లేదు. "నాకే లేనిది వీడికెందుకండి" అనే మాటకు కండక్టరు దగ్గర జవాబు లేదు, పుస్తకంలో నిబంధన మాత్రమే ఉంది. ఈ పిల్లల సంగతి ప్రభుత్వమే ఆలోచించదగ్గది. తల్లి వెంట ప్రయాణం చేసే పన్నెండేళ్ళలోపు మగపిల్లవాడికి కూడా ఛార్జీ తీసేస్తే బస్సుల్లో అబద్ధాలు సగానికి సగం తగ్గుతాయి. అందాకా మాత్రం ఉన్న నిబంధన ఉన్నట్టే నడవాలి. నాట్లకు వెళ్ళే కూలి మనిషి పిల్లవాడి కోసం కండక్టరును బతిమాలడం వేరు. చేతిలో ముప్పై వేల ఫోను, మెడలో గొలుసు ఉన్న పెద్దమనిషి అదే బేరం పెట్టడం వేరు. కండక్టర్లకు ఆ తేడా బాగానే తెలుసు. ఎక్కువగా గొడవ పడేది రెండో రకమేనని కూడా తెలుసు.

అసలు ఈ వ్యవహారంలో నలిగిపోయేవాడు కండక్టరు. డెబ్బై మంది కిక్కిరిసిన బస్సులో ఒక్కొక్క పిల్లవాడి పుట్టిన తేదీ విచారిస్తూ కూర్చుంటే పెరవలి రాకముందు టిక్కెట్లు పూర్తి కావు. విచారించకపోతే దారిలో తనిఖీ సిబ్బంది ఎక్కుతారు. పదమూడేళ్ళ పిల్లవాడి చేతిలో అర టిక్కెట్టు కనబడితే ముందుగా సంజాయిషీ చెప్పుకోవలసినవాడు కండక్టరే. ఆర్టీసీ కండక్టర్ల విషయంలో న్యాయస్థానాలు ఎంత కఠినంగా ఉంటాయో తెలియడానికి కర్ణాటక కేసు ఒకటి చాలు. అక్కడి ఒక కండక్టరు సుమారు 35 మంది ప్రయాణికుల దగ్గర టిక్కెట్టుకు యాభై పైసల చొప్పున ఎక్కువ వసూలు చేశాడని ఉద్యోగం నుంచి తొలగించారు. మొత్తం కలిపితే పదిహేడున్నర రూపాయలు. కింది కోర్టు తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కావాలని చేసినా, అశ్రద్ధతో చేసినా అటువంటివాడు ఆ ఉద్యోగానికి పనికిరాడని తేల్చింది. ఆ కేసులో ఎక్కువ వసూలు, ఇక్కడ తక్కువ వసూలు, నిజమే. కానీ మొత్తం ఎంతన్నది లెక్కలోకి రాదన్న సూత్రం కండక్టరు నెత్తి మీద కత్తిలా వేలాడుతూనే ఉంటుంది. తండ్రి మిగుల్చుకునే పది రూపాయలకు పూచీ ఉండేది పరాయివాడి జీతం.

రైలు సంగతికి వస్తే, నిడదవోలు–భీమవరం లైనులో జనరల్ పెట్టెల ప్రయాణానికి ఇప్పటికీ అర టిక్కెట్టు ఉంది. ఇక్కడ బస్సులో లేని మరో విద్య కనబడుతుంది. ఇద్దరు పెద్దవాళ్ళు కౌంటరులో ఒక ఫుల్లు, ఒక హాఫ్ తీసుకుని ఎక్కేస్తారు. కౌంటరు గుమాస్తాకు పిల్లవాడు కనబడనవసరం లేదు. ఫోనులో తీసుకునే టిక్కెట్టుకైతే మనిషే కనబడనవసరం లేదు. టి.టి.ఇ. రాకపోతే కొద్ది రూపాయల లాభం. వస్తే మాత్రం 1989 రైల్వే చట్టం 138వ సెక్షను ప్రకారం ఛార్జీతో పాటు అదనంగా కట్టవలసినది కనీసం 250 రూపాయలు. కావాలని మోసం చేశాడని రుజువైతే 137వ సెక్షను ఉంది, దానికి ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. తణుకు నుంచి భీమవరం వెళ్ళేవాడికి ఇది ఏ లెక్కన గిట్టుబాటో అర్థం కాదు.

రిజర్వేషన్ పెట్టెల్లో అర బెర్తు ముచ్చట ఎప్పుడో తీరిపోయింది. 2016 ఏప్రిల్ 21 నుంచి, అయిదు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు విడిగా బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ కట్టాలి. అర ఛార్జీ కడితే బెర్తు ఉండదు, తల్లి పక్కన సర్దుకోవలసిందే. శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో తిరుపతి బయలుదేరే కుటుంబాలకు ఆ రాత్రి ఇరుకు అనుభవమే. ఈ ఒక్క మార్పు వల్ల ఏడేళ్ళలో రైల్వేలకు సుమారు 2,800 కోట్ల రూపాయలు అదనంగా వచ్చినట్టు 2023లో సమాచార హక్కు కింద బయటపడింది. ఆ రాయితీ పోయినది ఎవరో అబద్ధమాడినందుకు కాదు, ఆదాయం కోసం. ఆ మాట రైల్వే వారి పక్షాన దాచిపెట్టనక్కరలేదు. వృద్ధుల రాయితీ కూడా అంతే. అరవై దాటిన మగవారికి 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవారికి 50 శాతం ఉన్న తగ్గింపును కోవిడ్ పేరు చెప్పి 2020 మార్చి 20న ఆపేశారు. కోవిడ్ వెళ్ళిపోయి ఏళ్ళు గడిచినా తగ్గింపు తిరిగి రాలేదు. తీసేయడానికి సాకు వెతుక్కునేవారు ఉన్నప్పుడు, ఆ సాకు ప్రయాణికులే అందించడం ఎంత తెలివైన పనో ఆలోచించుకోవాలి.

ఇదంతా గోదావరి జిల్లాల జబ్బు అనుకోనక్కరలేదు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ పోటీలకు పిల్లలకు తక్కువ ధర టిక్కెట్లు ఇస్తారు. వాటితో పెద్దవాళ్ళు లోపలికి దూరిపోవడం అక్కడి మైదానాలకు పాత తలనొప్పి. దానికి వారు కనిపెట్టిన ఉపాయం గమనించదగ్గది. చాలా మైదానాల్లో గేటు దగ్గర యంత్రంలో రాయితీ టిక్కెట్టు పెడితే వేరే రంగు దీపం వెలుగుతుంది. ఆ దీపం కింద నుంచి గడ్డం పెంచిన మనిషి నడిచి వస్తే పక్కనున్న సిబ్బంది ఆపుతారు. ఎవరూ వయస్సు అడగరు, ఎవరూ అబద్ధమాడరు. అంతటి ఏర్పాట్లున్న దేశంలోనే 2024 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు, ఆ సీజనులో మిగిలిన సొంత మైదానం మ్యాచ్‌లకు ఇంకా అమ్ముడుపోని సభ్యుల టిక్కెట్లన్నిటికీ ఒకే ధర పెట్టింది. 66 పౌండ్లు. పిల్లలైనా అంతే, ముసలివారైనా అంతే. అభిమానులు వీధికెక్కి నిరసన తెలిపారు. అక్కడా కారణం డబ్బే.

చైనా వారు మరో దారి పట్టారు. రైళ్ళలో చాలా ఏళ్ళు వయస్సు కాదు, ఎత్తు కొలిచేవారు. 1.2 మీటర్ల లోపు అయితే ఉచితం, 1.5 మీటర్ల వరకు పిల్లల టిక్కెట్టు. గోడ మీద గీతకు ఆనించి నిలబెడితే చాలు, వాదన లేదు. దానితో వచ్చిన చిక్కల్లా తొందరగా ఎదిగిన పిల్లలకు అన్యాయం జరగడం. అందుకని 2023 జనవరి 1 నుంచి పేరు నమోదుతో అమ్మే టిక్కెట్లకు ఎత్తు మానేసి వయస్సునే లెక్కలోకి తీసుకుంటున్నారు. తణుకు బస్సుల్లో "మనిషి ఎదిగిపోయాడంతే" అనే తల్లుల్లో కూడా నూటికి కొందరైనా నిజం చెప్పేవారు ఉంటారు. ఎత్తు చూసి కసురుకునే కండక్టర్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక తిరుమల కొండ మీద 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి పన్నెండేళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు అవసరం లేదు. ఆ క్యూలో ఎంతమంది పదమూడేళ్ళ పిల్లలు పన్నెండుకు దిగివచ్చారో లెక్క స్వామివారి దగ్గరే ఉండాలి. ఆపద మొక్కులవాడి ఎదుట కూడా వయస్సు తగ్గించే ధైర్యం మనిషికి ఎలా వస్తుందో గాని, ఆ పిల్లవాడి తలనీలాలకు మాత్రం నిజమైన మొక్కే చెల్లిస్తారు.

రుజువు కాగితం దొరకని రోజులైతే కండక్టరు మొహమాటపడ్డా అర్థముంది. ఇప్పుడు అయిదేళ్ళలోపు పిల్లలకు నీలి రంగు బాల ఆధార్ ఉంది. అయిదు నిండాక వేలిముద్రలు ఇచ్చి దాన్ని మార్పించుకోవాలి. ఉచిత ప్రయాణం కోసం తల్లి ఎలాగూ తన కార్డు సంచిలో పెట్టుకునే బయలుదేరుతుంది. పక్కనే పిల్లవాడిది కూడా పెట్టుకోవడం బరువేమీ కాదు. అనుమానం వచ్చిన చోట "కార్డు చూపించమ్మా" అని కండక్టరు మర్యాదగా అడగవచ్చు. లేకపోతే అర టిక్కెట్టు కొట్టవచ్చు. వయస్సు మీద బస్సు మధ్యలో పంచాయితీ పెట్టనక్కరలేదు, పిల్లవాణ్ణి సాక్షిగా పిలవనక్కరలేదు.

ఆర్టీసీ వారు చేయవలసినది కూడా ఒకటుంది. అర టిక్కెట్టు కొన్న పిల్లవాణ్ణి "ఒళ్ళో కూచోబెట్టుకోమ్మా, పెద్దవాళ్ళు నిలబడ్డారు" అని లేపేయడం ఎన్నో బస్సుల్లో కనబడే దృశ్యమే. డబ్బు కట్టినా సీటు లేనప్పుడు కట్టడం ఎందుకన్న ఆలోచన ఆ నిమిషంలోనే పుడుతుంది. అర టిక్కెట్టు పిల్లవాడికి సీటులో హక్కు ఎంత, రద్దీలో ఎవరు లేవాలి అన్నది సంస్థ స్పష్టంగా చెప్పాలి. వయస్సుల నిబంధన, ఏ కార్డు చెల్లుతుందన్న వివరం తణుకు బస్‌స్టాండులో ప్లాట్‌ఫారాల ఎదుట తెలుగులో, చదువు రానివారికి చదివి వినిపించడానికి వీలయ్యేంత పెద్ద అక్షరాలతో రాయించాలి. బడులు తెరిచే జూన్ నెలకు ముందే ఆ పని జరిగితే మంచిది. దానికయ్యే ఖర్చు ఒక పెయింటరు రోజు కూలి, డబ్బా రంగు.